సర్కారు బాలికల బడిలో విజయాన్ని ఎలా చదవాలి?

ఏటా ఏప్రిల్, మే నెలల్లో పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వెలువడిన మరునాడు పత్రికల జిల్లా పేజీలు రెండు రకాల వార్తలతో నిండిపోతాయి. బాలికలదే పైచేయి అనేది మొదటిది. ఫలానా గురుకులంలో, ఫలానా కస్తూర్బా విద్యాలయంలో నూరు శాతం ఉత్తీర్ణత అనేది రెండోది. 2025లో తెలంగాణ పదో తరగతి పరీక్షల్లో బాలికలు 94.26 శాతం, బాలురు 91.32 శాతం ఉత్తీర్ణులయ్యారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో బాలికలు 84.09 శాతం, బాలురు 78.31 శాతం. తెలంగాణలో తేడా సుమారు మూడు పాయింట్లు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ఆరు.

ఈ అంకెలు నిజమైనవే, సంతోషించదగినవే. అయితే వాటిని చూసి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు. గురుకులం మేలా, కస్తూర్బా మేలా, ఊళ్లోని జిల్లా పరిషత్ బాలికల హైస్కూలు సరిపోతుందా అని వారు అడుగుతారు. ఒక బడి సాధించిన ఫలితాన్ని చదవాలంటే ఆ బడి ఎవరిని చేర్చుకుంది, చేరినవారిలో ఎందరిని చివరిదాకా నిలుపుకుంది, నిలుపుకోవడానికి లోపల ఎలాంటి జీవితాన్ని ఏర్పరచింది అనే మూడు విషయాలు తెలియాలి. మూడోదైన సామూహిక జీవితాన్ని చాలామంది చదువుకు అదనపు అలంకారంగా చూస్తారు. నిజానికి మొదటి రెండు విషయాలు కూడా దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఒకే పేరు కింద ఎన్ని రకాల బడులు

ప్రభుత్వ బాలికల పాఠశాల అనే మాట కింద తెలుగు రాష్ట్రాల్లో కనీసం నాలుగు వేర్వేరు వ్యవస్థలు ఉన్నాయి. వీటిలో పాతవి పగటి బడులు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచిన నాటికి ఆడపిల్లను బడికి పంపడమే వివాదం. హైదరాబాదులో మహబూబియా బాలికల పాఠశాల 1907 నాటిది. నేడు పట్టణాల్లో ప్రభుత్వ బాలికోన్నత పాఠశాలలు, మండల కేంద్రాల్లో జిల్లా పరిషత్ బాలికల హైస్కూళ్లు ఈ కోవలోకి వస్తాయి. వీటిలో ప్రవేశ పరీక్ష ఉండదు. పిల్లలు ఉదయం వచ్చి సాయంత్రం ఇంటికి వెళతారు.

రెండో వ్యవస్థ గురుకులాలు. 1971 నవంబరులో పి.వి. నరసింహారావు హయాంలో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల ప్రయోగం తరువాతి దశకంలో సాంఘిక సంక్షేమ గురుకులాలుగా, ఆపైన గిరిజన, వెనుకబడిన తరగతుల, మైనారిటీ గురుకులాలుగా విస్తరించింది. ఒక్కో వర్గానికి ఒక్కో సొసైటీ, వాటిలో బాలికలకు వేరుగా పాఠశాలలు ఉన్నాయి. సాధారణంగా అయిదో తరగతిలో ప్రవేశం ఉంటుంది, దానికి పోటీ పరీక్ష రాయాలి.

మూడోది కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం. అందరూ కేజీబీవీ అనే పిలుస్తారు. 2004లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ పథకం మొదట ఒక నిర్దిష్టమైన లోటును పూరించడానికి పుట్టింది. గ్రామీణ స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు కన్నా తక్కువగా, స్త్రీ పురుషుల అక్షరాస్యతలో తేడా జాతీయ సగటు కన్నా ఎక్కువగా ఉన్న మండలాలనే ఎంపిక చేశారు. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతుల, మైనారిటీ బాలికలకు, మిగిలిన 25 శాతం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల బాలికలకు కేటాయించారు. బడి మానేసినవారికి, తల్లిదండ్రులు లేనివారికి, ఒక్కరే ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తారు. ఆరో తరగతితో మొదలై ఎనిమిదితో ముగిసే ఈ బడులను కేంద్ర పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష వచ్చాక 2018–19 నుంచి ఇంటర్ వరకు పెంచే వీలు కలిగింది. నేడు తెలంగాణలో దాదాపు 500, ఆంధ్రప్రదేశ్‌లో 350కి పైగా కేజీబీవీలు నడుస్తున్నాయి.

ఇవి కాక ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజన సంక్షేమ శాఖ నడిపే బాలికల ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి. గురుకులాలకు వచ్చినంత పేరు వీటికి రాలేదు.

ఉత్తీర్ణత శాతం దాచిపెట్టే భాగం

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. పక్కపక్క మండలాల్లో రెండు బాలికల బడులు ఉన్నాయి. రెండింటిలోనూ ఒకే ఏడాది ఆరో తరగతిలో 40 మంది చొప్పున చేరారు. మొదటి బడిలో నాలుగేళ్లలో పది మంది మానేశారు. మిగిలిన 30 మందీ పది పాసయ్యారు. పత్రికలో ‘నూరు శాతం’ అని వస్తుంది. రెండో బడిలో ఇద్దరే మానేశారు. మిగిలిన 38 మందిలో 35 మంది పాసయ్యారు. ఉత్తీర్ణత 92 శాతం. ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు సమీక్షా సమావేశంలో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ఇప్పుడు హారాన్ని, అంటే భాగించే సంఖ్యను మార్చి, చేరినవారిలో ఎందరు పది దాటారో చూద్దాం. మొదటి బడిలో 40కి 30, అంటే 75 శాతం. రెండో బడిలో 40కి 35, అంటే 87.5 శాతం. ఒకే సమాచారం నుంచి రెండు వేర్వేరు విజేతలు తేలారు. పరీక్ష హాలుకు వచ్చినవారిని లెక్కించే పద్ధతి, బడికి వచ్చి తప్పిపోయినవారిని లెక్కలోంచే తీసేస్తుంది. ఆడపిల్లల విషయంలో ఇది చిన్న సాంకేతిక లోపం కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బడి మానేసిన బాలిక పెళ్లికో, పత్తి చేలోకో, తమ్ముళ్లను చూసుకోవడానికో పోయి ఉంటుంది.

ప్రవేశ విధానం మరో చిక్కు తెస్తుంది. పోటీ పరీక్ష రాసి గెలిచిన పిల్లలు గురుకులంలో చేరతారు. ఆ పరీక్షకు దరఖాస్తు పెట్టించేంత శ్రద్ధ వారి ఇంట్లో ఎవరో ఒకరికి ఉంది. కేజీబీవీలో చేరేవారిలో రెండేళ్లు బడి ముఖం చూడని పిల్లలు కూడా ఉంటారు. అందుచేత ఈ రెండింటి శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చితే బడులను కాక, వాటి గుమ్మం ముందు నిలిచిన పిల్లలను పోల్చినట్టవుతుంది. న్యాయంగా పోల్చాలంటే చేరిన రోజున ఆ బాలికకు ఏమి వచ్చో, వెళ్లే రోజున ఏమి వచ్చో తెలియాలి. అలాంటి కొలత మన ఫలితాల పత్రాల్లో ఉండదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. నలభై మంది పరీక్ష రాసే బడిలో ఒక్క బాలిక తప్పితే శాతం 2.5 పాయింట్లు పడిపోతుంది. నాలుగు వందల మంది రాసే చోట అదే ఒక్కరు తప్పితే పావు పాయింటు. నూరు శాతం జాబితాల్లోనూ, అట్టడుగు జాబితాల్లోనూ చిన్న బడులే ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. ఒక్క ఏడాది శాతాన్ని చూసి బడిని మెచ్చుకోవడం గానీ, నిందించడం గానీ తొందరపాటే. మూడు నాలుగేళ్ల సగటు కొంత నమ్మదగింది.

శిఖరం మీద ఒకరు, కింద మిగిలినవారు

మార్కులు కాక మరో రకం విజయాలు ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరం చేరిన బాలికల్లో అతి పిన్న వయస్కురాలు ఆమే. తోటి గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఆ యాత్రలో శిఖరం చేరాడు. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలీని కూడా అధిరోహించి, ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను పూర్ణ పూర్తిచేసింది. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన అగసర నందిని 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఏడు అంశాల పోటీ హెప్టాథ్లాన్‌లో కాంస్యం సాధించింది. 2025లో గుమీలో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో అదే అంశంలో స్వర్ణం గెలిచింది.

ఇలాంటి విజయాలను చూసే తీరు మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కొందరు ఇవి అసాధారణ వ్యక్తుల కథలనీ, వేలాది మంది సాధారణ బాలికల చదువు స్థాయి గురించి ఇవి ఏమీ చెప్పవనీ, ప్రభుత్వాలు ఒకరిద్దరిని చూపి మిగిలిన లోపాలను కప్పిపుచ్చుకుంటాయనీ అంటారు. ఈ మాటలో బలం ఉంది. ఒక్క శిఖరం వల్ల ఏ తరగతి గదిలోనూ లెక్కల టీచరు ఖాళీ భర్తీ కాదు.

రెండో అభిప్రాయం ప్రకారం ఆ ఒక్కరు వెలుగులోకి రావాలన్నా ముందు వందల మందికి అవకాశం తెరుచుకోవాలి. పూర్ణ హిమాలయాలకు వెళ్లేముందు భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది. డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందింది. ప్రతి దశలోనూ మరెందరో పిల్లలు ఆమెతో ఉన్నారు. వారిలో చాలామంది ఎవరెస్టు చేరలేదు. కానీ కూలి పని చేసే తల్లిదండ్రుల పిల్లలు తాళ్లతో గుట్ట ఎక్కడం, ఇంటికి దూరంగా మంచులో శిక్షణ పొందడం వారి ఊళ్లకు కొత్త సంగతి. నందిని పోటీపడే హెప్టాథ్లాన్‌కు ట్రాక్, జావెలిన్, షాట్‌పుట్, దూకే గుంత, వీటన్నిటితో పాటు రోజూ చాలినంత తిండి కావాలి. పేద కుటుంబం ఒంటరిగా వీటిని సమకూర్చలేదు.

నాకు రెండో అభిప్రాయమే ఎక్కువ సమంజసంగా తోస్తుంది. అయితే ఒక షరతు ఉంది. బడిలో మైదానం, వ్యాయామ ఉపాధ్యాయురాలు, ఆటల గంట ఉన్నప్పుడే పతకం ఆ బడి విజయం అవుతుంది. అవేవీ లేని బడి నుంచి ఒక బాలిక పతకం తెస్తే అది పూర్తిగా ఆ బాలిక విజయమే. బడి పేరును దానికి తగిలించడం సరికాదు.

సామూహిక జీవితం చదువుకు ఏం చేస్తుంది

బాలికల ఆవాస పాఠశాలలో రోజు తెల్లవారుజామునే మొదలవుతుంది. వ్యాయామం, ఉదయపు స్టడీ, స్నానాల కోసం వరుస, టిఫిన్, ప్రార్థన, తరగతులు, సాయంత్రం ఆటలు, రాత్రి భోజనం, మళ్లీ స్టడీ అవర్స్ వరుసగా సాగుతాయి. డార్మిటరీలో ఒక్కొక్కరికి ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు ఉంటాయి. పై తరగతి పిల్లలను చిన్నవారు ‘అక్కా’ అని పిలుస్తారు, వారి దగ్గరే జడ వేయించుకుంటారు, అర్థం కాని లెక్క చెప్పించుకుంటారు. హౌస్ కెప్టెన్లు, మెస్ కమిటీ సభ్యులు, ఆరోగ్య ప్రతినిధులు, గ్రంథాలయం చూసుకునేవారు అందరూ విద్యార్థినులే. దసరా సెలవులకు ముందు తెలంగాణ బడుల్లో బతుకమ్మ పేరుస్తారు. స్వయంపాలన దినోత్సవం నాడు పదో తరగతి అమ్మాయిలు చీరలు కట్టుకుని పాఠాలు చెబుతారు. ఒకరు ప్రధానోపాధ్యాయురాలి కుర్చీలో కూర్చుని హాజరు పట్టీల మీద సంతకాలు పెడతారు.

ఈ జీవితం పరీక్ష ఫలితంగా ఎలా మారుతుందో కొంచెం నిదానంగా చూడాలి. ముందుగా చెప్పవలసింది సమయం గురించి. పగటి బడి నుంచి ఇంటికి చేరిన బాలికకు నీళ్లు పట్టడం, అంట్లు తోమడం, చెల్లెలిని ఎత్తుకోవడం ఎదురుచూస్తుంటాయి. పత్తి తీసే కాలంలో ఆమె చేతులకు గిరాకీ ఎక్కువ. పశ్చిమ కర్నూలులోని ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా కుటుంబాలు మిర్చి, పత్తి పనులకు గుంటూరు వైపు వలస వెళతాయి. పిల్లను వదిలి వెళ్లడానికి ఊళ్లో ముసలివారు కూడా లేకపోతే ఆమె కూడా మూట కట్టుకుని బయలుదేరుతుంది. అలాంటి కుటుంబానికి కేజీబీవీ మంచి చదువు ఇచ్చే చోటుగా కన్నా ముందు, పిల్లను భద్రంగా ఉంచగలిగే చోటుగా కనిపిస్తుంది. తల్లి గుంటూరు మిర్చి కల్లంలో ఉన్న నెలల్లో పిల్ల తరగతిలో ఉండటమే ఆ బడి చేసిన మొదటి పని.

తరువాతి సంగతి శరీరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15–19 ఏళ్ల అమ్మాయిల్లో పదికి ఆరుగురు లేదా అంతకుమించి రక్తహీనతతో ఉన్నారు. నెలసరి రోజుల్లో గుడ్డలు మార్చుకునే చోటు లేక బడి మానడం మొదలైన బాలిక క్రమంగా పూర్తిగా మానేసే దారిలో పడుతుంది. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వేచ్ఛ పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు బాలికలకు నెలకు పది శానిటరీ న్యాప్‌కిన్లు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టడానికి కారణం ఇదే. న్యాప్‌కిన్ ఇచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. నీళ్లు వచ్చే మరుగుదొడ్డి, వాడినవాటిని పారవేసే ఏర్పాటు, సిగ్గుపడకుండా అడగగలిగిన ఒక పెద్ద మనిషి కావాలి. కేజీబీవీలో ఆ పెద్ద మనిషి తరచుగా ఏఎన్ఎం, అంటే అక్కడి నర్సమ్మ అవుతుంది. పగటి బడిలో అలాంటి మనిషి ఒక టీచరమ్మ మంచితనం మీద ఆధారపడి ఉంటుంది.

ఆపైన గొంతు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పనిచేసిన కాలంలో గురుకుల విద్యార్థుల్లో ఆత్మగౌరవం పెంచే స్వేరో ఉద్యమం రూపుదిద్దుకుంది. అందులో పిల్లలు రోజూ పది ప్రతిజ్ఞలు చెప్పేవారు. మొదటిది ‘నేను ఎవరికీ తక్కువ కాదు’ అనే అర్థం వచ్చే వాక్యం. ఇలాంటి ప్రతిజ్ఞలు వ్యక్తి ఆరాధనకు, సంస్థాగత ప్రచారానికి దారితీస్తాయని విమర్శించినవారు ఉన్నారు. కులం పేరుతో చిన్నచూపును చిన్నప్పుడే చవిచూసిన పిల్లకు ఆ వాక్యాన్ని నలుగురి మధ్య గట్టిగా పలకడమే ఒక చదువు అని సమర్థించినవారూ ఉన్నారు. ప్రతిజ్ఞ పాఠం సంగతి ఎలా ఉన్నా, ప్రార్థన సమావేశంలో ప్రతి బాలికకూ వంతు వచ్చి మైకు ముందు నిలబడే పద్ధతి ఉన్న బడిలో పిల్లలు ఇంటర్వ్యూలో తలదించుకోరు. ఈ మార్పు మార్కుల జాబితాలో ఎక్కడా నమోదు కాదు.

ఆ జీవితపు బరువు

సామూహిక జీవితాన్ని మెచ్చుకునేవారు దాని బరువును కూడా చెప్పాలి. పదేళ్ల పిల్ల ఇల్లు వదిలి నూరు మంది మధ్యకు వస్తుంది. మొదటి నెలల్లో రాత్రిళ్లు ఏడవడం, జ్వరం వచ్చిందని చెప్పి ఇంటికి వెళ్లాలనుకోవడం సాధారణం. ఫోను వారానికి ఒక్కసారి, అదీ కొన్ని నిమిషాలు. అద్దె భవనాల్లో నడిచే చోట గదులు ఇరుకు, మరుగుదొడ్లు తక్కువ. బాలికల భద్రత పేరుతో గేటు దాటనివ్వని నియమాలు కొన్నిసార్లు బాలుర గురుకులాల కన్నా కఠినంగా ఉంటాయి. రక్షణకూ నిర్బంధానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ప్రతి వార్డెన్‌కూ రోజువారీ ప్రశ్నే. ర్యాంకుల ఒత్తిడి పెరిగిన చోట అదే స్టడీ అవర్ ఊపిరాడని గంటగా మారుతుంది.

ఇక తిండి. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం మెస్ ఛార్జీలను 40 శాతం పెంచింది. ఎనిమిది నుంచి పదో తరగతి విద్యార్థికి నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది. ముప్పై రోజులకు భాగిస్తే రోజుకు 51 రూపాయలు. టిఫిన్, మధ్యాహ్న భోజనం, సాయంత్రం చిరుతిండి, రాత్రి భోజనం, గుడ్డు, పాలు అన్నీ అందులోనే. పెంపుకు ముందు రోజుకు 37 రూపాయలు కూడా లేవు. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు పెంపు తరువాత కూడా నెలకు 1,330, అంటే రోజుకు 44 రూపాయల పైచిలుకు. సబ్బు, కొబ్బరినూనె వంటివాటికి ఇచ్చే కాస్మెటిక్ ఛార్జీలు ఎనిమిది నుంచి పదో తరగతి బాలికలకు నెలకు 75 నుంచి 275 రూపాయలకు పెరిగాయి. ఏళ్ల తరబడి 75 రూపాయలతో ఒక ఎదిగే అమ్మాయి నెలంతా ఎలా గడిపిందో ఆలోచిస్తే, అప్పటి ఫలితాలను మరింత గౌరవంతో చూడాలనిపిస్తుంది.

పెంపు జరిగిన ఆ నెలల్లోనే కలుషిత ఆహారం వార్తలు వరుసగా వచ్చాయి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో అనేకమంది బాలికలు అస్వస్థతకు గురయ్యారు. వారిలో ఒకరు హైదరాబాద్ ఆసుపత్రిలో వారాల తరబడి చికిత్స పొంది నవంబరులో మరణించారు. ఒక బడి ఫలితాల గురించి మాట్లాడేటప్పుడు దాని వంటగది గురించి కూడా మాట్లాడాలి. విద్యార్థినుల మెస్ కమిటీ సరుకులు తూకం వేసి తీసుకునే చోట, కూర బాగాలేదని చెప్పినందుకు ఎవరినీ మందలించని చోట ప్రమాదం ముందే కనిపెట్టే అవకాశం ఎక్కువ. కమిటీ గోడ మీద పేర్ల జాబితాగా మాత్రమే మిగిలిన చోట ఆ అవకాశం ఉండదు.

తల్లుల చోటు

విద్యాహక్కు చట్టం 2009లోని 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. తెలంగాణ 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పాటు చేసి బడుల మరమ్మతుల పనులు అప్పగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా తల్లిదండ్రులు–ఉపాధ్యాయుల సమావేశం జరిపారు.

పగటి బడికి ఇవి బాగా సరిపోతాయి. అక్కడ తల్లి ఇల్లు బడికి నడిచే దూరంలో ఉంటుంది. ఆవాస పాఠశాలలో తల్లి ముప్పై, యాభై కిలోమీటర్ల దూరం నుంచి ఒక రోజు కూలి వదులుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని రావాలి. అందువల్ల ఆవాస పాఠశాలలో సముదాయం అంటే ప్రధానంగా లోపలివారే. పగటి బడిలో ఊరే సముదాయం. జిల్లా పరిషత్ బాలికల హైస్కూలుకు దాతలు బెంచీలు కొనిస్తారు, పూర్వ విద్యార్థినులు వార్షికోత్సవానికి బహుమతులు తెస్తారు. బడి సమస్య గ్రామసభలో చర్చకు వస్తుంది. ఈ బలం గురుకులానికి లేదు. గురుకులంలోని నియంత్రిత సమయం పగటి బడికి లేదు. పగటి బడి బాలికకు దారి కూడా ఒక సమస్యే. ఊళ్ల నుంచి మండల కేంద్రానికి నడిచి వచ్చే హైస్కూలు అమ్మాయిలకు ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్లు ఇచ్చారు. బస్సు వేళకు రాకపోవడం వల్ల తొమ్మిదో తరగతితో చదువు ఆగిన పల్లెలు నేటికీ ఉన్నాయి.

వేరుగా చదివించడం మీద వాదం

బాలికలను వేరుగా చదివించడం అవసరమా అన్న ప్రశ్నకు జవాబు ఎవరిని అడిగామన్న దాన్ని బట్టి మారుతుంది. సహవిద్యను సమర్థించేవారు, బాలురు బాలికలు కలిసి పెరగకపోతే పరస్పర గౌరవం ఎలా అలవడుతుందని అడుగుతారు. ప్రత్యేక బడులను సమర్థించేవారు, బాలికలే అన్ని పనులూ చేసే చోట నాయకత్వం, సైన్సు ప్రయోగాలు, ఆటలు ‘మగపిల్లల పనులు’గా మిగలవని చెబుతారు. అంతకన్నా బలమైన కారణం తల్లిదండ్రుల అంగీకారం. పన్నెండేళ్లు దాటిన కూతురిని హాస్టలుకు పంపడానికి ఒప్పుకునే చాలా కుటుంబాలు అది బాలికలదే అయితేనే ఒప్పుకుంటాయి. ఈ అంగీకారం న్యాయమైనదా కాదా అన్నది వేరే చర్చ. అది లేకపోతే ఆ బాలిక ఏ బడిలోనూ ఉండదు.

మరింత లోతైన వాదం కులం గురించినది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలను వేర్వేరుగా నడపడం వల్ల ప్రతి వర్గానికీ నిధులు, శ్రద్ధ నిక్కచ్చిగా అందుతాయని ఒక వాదన ఉంది. అదే విభజన పిల్లలను చిన్నప్పటి నుంచీ వేర్వేరు ఆవరణల్లో పెంచుతుందని దానికి ప్రతివాదన. ఈ రెండో మాటను ఆధారం చేసుకుని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు శంకుస్థాపనలు మొదలుపెట్టింది. అన్ని వర్గాల పిల్లలు ఒకే పెద్ద ప్రాంగణంలో చదవాలన్నది వాటి ఉద్దేశం. సమీకరణ మంచిదే. అయితే చిన్న గురుకులంలో ‘నేను ఎవరికీ తక్కువ కాదు’ అని నేర్చుకున్న దళిత బాలికకు పెద్ద ప్రాంగణంలో అంతే ధైర్యం దక్కుతుందా అన్నది ఆ గోడల మధ్య సామూహిక జీవితాన్ని ఎలా తీర్చిదిద్దుతారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. భవనం ఆ పని చేయలేదు.

పది దాటాక

పదో తరగతి ఫలితాన్ని తుది విజయంగా ప్రకటించడంలో ఒక తొందర ఉంది. పది పూర్తయ్యేసరికి బాలికకు పదిహేను, పదహారేళ్లు. పెళ్లికి చట్టబద్ధమైన వయసు పద్దెనిమిది. మధ్యనున్న ఆ రెండు మూడేళ్లే ప్రమాదకరం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. తెలంగాణలో కళ్యాణలక్ష్మి సాయం పద్దెనిమిది నిండిన వధువుకే అందుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అమలైన కళ్యాణమస్తు పథకంలో వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్న నియమం పెట్టారు. పెళ్లి సాయానికి వయసును, చదువును ముడిపెట్టిన ఈ నియమాల వల్ల పెళ్లి కొంతకాలం వాయిదా పడుతుంది. వాయిదా పడిన ఆ కాలంలో బాలిక ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పవు.

కేజీబీవీలను ఇంటర్ దాకా పెంచడం ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబు. పదితో ఆగిన కేజీబీవీ బాలికను పదహారేళ్లకు ఇంటికి పంపుతుంది. ఇంటర్ ఉన్నది పద్దెనిమిదికి పంపుతుంది. ఒక బడి సమాజంలో తెచ్చే మార్పులో ఈ రెండేళ్ల తేడాకు ఎంత విలువ ఉందో మార్కుల పట్టిక చెప్పలేదు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ 2016 నుంచి మహిళల కోసం 30 ఆవాస డిగ్రీ కళాశాలలు తెరిచి ఈ దారిని ఇంకా ముందుకు పొడిగించింది. భువనగిరిలో సైనిక దళాల ఉద్యోగాలకు సిద్ధం చేసే మహిళా డిగ్రీ కళాశాల కూడా వాటిలో ఉంది.

ఈ దారి పొడవునా పనిచేసే మనుషుల పరిస్థితి మాత్రం దారంత గట్టిగా లేదు. కేజీబీవీలో బడిని నడిపే స్పెషల్ ఆఫీసరు, సీఆర్‌టీలుగా పిలిచే ఉపాధ్యాయినులు, ఏఎన్ఎం, వంటవారు, కాపలాదారు దాదాపు అందరూ ఒప్పంద ఉద్యోగులే. పగలు పాఠం చెప్పే టీచరే వంతు వచ్చినప్పుడు రాత్రి డార్మిటరీలో పడుకుంటుంది, అర్ధరాత్రి కడుపునొప్పి వచ్చిన పిల్లను ఆసుపత్రికి తీసుకువెళుతుంది. 2024 డిసెంబరులో తెలంగాణ సమగ్ర శిక్ష ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మెకు దిగినప్పుడు, పది పరీక్షలు దగ్గరపడుతున్న వేళ కేజీబీవీల్లో తరగతులు ఆగిపోయాయి. నాలుగైదు నెలలకు ఫలితాల వార్తలు యథావిధిగా వచ్చాయి. ఆ నూరు శాతాల వెనుక, పోయిన రోజులను సెలవుల్లో, రాత్రి స్టడీల్లో పూడ్చిన టీచర్ల పని కూడా ఉంది. ఒప్పందం ఏటా పునరుద్ధరించుకునే ఆ టీచర్లు మరో ఉద్యోగం దొరికి వెళ్లిపోతే, ఆరో తరగతిలో చేరి ఏడ్చిన పిల్లను పదిదాకా ఎరిగిన మనిషి ఆ బడిలో మిగలదు. కొత్తగా వచ్చినవారు ఆ పరిచయాన్ని మొదటి నుంచీ కట్టుకోవాలి.